కిటికీ దగ్గర అడిగిన మాట

ఫ్యాక్టరీలో కొత్తగా చేరిన డ్రైవర్ల కోసం రెండు మాటలు రాసివ్వమని నన్ను అడిగారు. బ్రేకుల గురించో టైర్ల గురించో రాస్తాననుకొని ఉంటారు. అవి మీకు నాకంటే బాగా తెలుసు. నేను వేరే సంగతి రాస్తాను.

టైం ఆఫీసు పక్కన నోటీసు బోర్డు మీద ఒక కాగితం ఉంటుంది. ఉద్యోగులు గానీ వాళ్ళ ఇంట్లోవాళ్ళు గానీ మనసు బాగాలేకపోతే పోయి మాట్లాడుకోవచ్చు, చెప్పిన మాట బయటికి పోదు అని అందులో రాసి ఉంటుంది. దాన్ని మీరెవరూ చదివి ఉండరు. ఇరవై ఏడేళ్ళ సర్వీసులో నేనూ చదవలేదు. అదే కాగితం మొదట్లో ఒకసారి అందరి ఇళ్ళకూ పోస్టులో పంపారు. మా ఇంట్లో దాన్ని చదివింది నా భార్య.

నేను జమ్మలమడుగు నుంచి ఎర్రగుంట్ల పక్కనున్న మన సిమెంటు ఫ్యాక్టరీకి స్టాఫ్ బస్సు నడిపేవాణ్ణి. ఆ రోజుల్లో మా వైపు ఊరికి రెండు వర్గాలు, వర్గానికొక పార్టీ. ఏ హోటల్లో టీ తాగాలి, ఎవరి దగ్గర గడ్డం గీయించుకోవాలి అన్నది కూడా పార్టీయే తేల్చేది. మేము దూదేకులవాళ్ళం, మాకు ఏ వర్గమూ లేదు. అందుకే నా బస్సు రెండు వర్గాలవాళ్ళూ ఎక్కేవారు. ఎక్కినా పక్కపక్కన కూర్చునేవారు కాదు. ఎడమ వరస ఒకరిది, కుడి వరస ఇంకొకరిది, ముందు సీట్లు ఆడవాళ్ళవి.

ఎడమ వరసలో నాలుగో సీటులో ప్యాకింగ్ ప్లాంటు ఫిట్టరు ఒకాయన కూర్చునేవాడు. పెద్దముడియం వైపు పల్లె ఆయనది. అన్నలిద్దరూ ఒక నాయకుడి వెంట తిరిగేవాళ్ళు. ఈయనకు అవేవీ పట్టవు, పెళ్ళాన్ని తీసుకొని జమ్మలమడుగులో బాడుగింట్లో ఉండేవాడు. పంచాయతీ ఎన్నికల్లో వాళ్ళ ఊళ్ళో గొడవలు ముదిరి అవతలి వర్గం మనిషి ఒకడు చనిపోయాక, ఈయన పది దినాలు డ్యూటీకి రాలేదు. యాడికో పోయి దాక్కున్నాడని బస్సులో అనుకున్నారు. పదకొండో దినం పొద్దున వచ్చాడు. బామ్మర్ది మోటారు సైకిలు మీద తెచ్చి దింపిపోయాడు. బస్సెక్కి, "పోనీ మామా" అని నవ్వి తన సీట్లో కూర్చున్నాడు.

ఊరు దాటాక ఒక కల్వర్టు ఉంది. అక్కడ రోడ్డుకు అడ్డంగా జీపు పెట్టారు. ఆరేడు మంది, ముఖాలకు తువ్వాళ్ళు. ఒకడు నా కిటికీ దగ్గరికి వచ్చాడు. వాని తువ్వాలు గడ్డం కిందికి జారి ఉంది.

"ఈ పొద్దన్నా ఎక్కినాడా మామా?" అని ఫిట్టరు పేరు చెప్పి అడిగాడు.

"తెల్దన్నా" అన్నాను.

అది నోరు అన్న మాట. నా కండ్లు మాత్రం పైనున్న అద్దంలోకి పోయాయి. ఎడమ వరస, నాలుగో సీటు. ఎందుకు పోయాయో ఇప్పటికీ నేను చెప్పలేను. ఆ మనిషి నా మాట వినడం లేదు, నా కండ్లనే చూస్తున్నాడు.

"మంచిది మామా" అన్నాడు.

ఇద్దరు బస్సెక్కారు. ఆ తర్వాత జరిగింది రాయను. నలభై మంది తలకాయలు వంచుకొని కూర్చున్నాం. నేను ఇంజను ఆపలేదు. అది ఆగకుండా తిరుగుతూనే ఉండటం మాత్రం నాకు బాగా గుర్తుంది.

పోలీసులకు అందరం ఒకటే చెప్పాం: ముఖాలు కనపడలేదు. కోర్టులోనూ అదే చెప్పాం. కేసు పోయింది. రెండేళ్ళకు పెద్దమనుషులు కూర్చొని రాజీ చేశారు. ఇద్దరు నాయకులూ ఒకే పార్టీలో చేరారు. చంపినవాళ్ళూ చనిపోయినవాని అన్నలూ ఒకే జీపులో నామినేషనుకు పోయారు, జమ్మలమడుగు బజారులో టపాకాయలు కాల్చారు. నా కిటికీ దగ్గరికి వచ్చిన మనిషి మన ఫ్యాక్టరీకే లారీలు తిప్పే కాంట్రాక్టు తెచ్చుకున్నాడు. గేటు దగ్గర కనపడినప్పుడల్లా "ఏం మామా, బాగుండావా?" అని పలకరించేవాడు. నేనూ బాగున్నానని చెప్పేవాణ్ణి.

ఫిట్టరు భార్యకు స్టోర్సులో ఉద్యోగం ఇచ్చారు. ఆమె కూడా నా బస్సే ఎక్కేది. సరిగ్గా నా సీటు వెనకాల కూర్చునేది. నన్ను "అన్నా" అని పిలిచేది. ఒకసారి జొన్నరొట్టెలు, చెనిక్కాయల పొడి గుడ్డలో కట్టి తెచ్చిచ్చింది. ఇంకోసారి ఫ్యాక్టరీ గేటు దగ్గర దిగుతూ, "అన్నా, ఆ పొద్దు ఆయప్ప నీతో ఏమన్నా మాట్లాడినాడా?" అని అడిగింది.

"పోనీ మామా అన్న్యాడమ్మా. అంతే" అన్నాను.

"నవ్వినాడా?"

"నవ్వినాడు."

ఆమె తల ఊపి లోపలికి పోయింది. ఇట్లా నాలుగేళ్ళు.

ఆ నాలుగేళ్ళలో నేను పాడైపోయాను. మొదట అద్దాన్ని పైకి తిప్పేశాను, బస్సులో ఎవరూ కనపడకుండా. తర్వాత రోడ్డు పక్కన జీపు ఆగి ఉంటే చాలు, బ్రేకు తొక్కేసేవాణ్ణి. పెళ్ళిళ్ళ కాలంలో జీపులకు కొదవేముంది? బస్సులోవాళ్ళు మొదట నవ్వారు, తర్వాత తిట్టారు. ఒకరోజు అట్లా ఆగి ఉన్న జీపు మీదే కండ్లు పెట్టి ఎదురుగా దాటుతున్న గొర్రెల మందను చూసుకోలేదు. మూడు గొర్రెలు చచ్చిపోయాయి. ఆ గొర్రెలాయన రోడ్డు మీద కూర్చొని ఒకదాని తల ఒళ్ళో పెట్టుకున్నాడు. నేను బస్సు దిగి ఆయన పక్కనే కూర్చొని ఏడ్చాను. నలభై మంది చూస్తుండగా ఏడ్చాను. గొర్రెల కోసం ఇంత ఏడుపేందని అందరూ వింతగా చూశారు.

మా ట్రాన్స్‌పోర్టు ఇంచార్జి మంచివాడు, నాకంటే చిన్నవాడు. "మామా, రోంత రెస్టు తీసుకో. మనుషుల్ని గుద్దేదాకా తెచ్చుకోవద్దు" అని వారం సెలవు రాయించాడు.

ఆ వారంలోనే నా భార్య ప్రొద్దుటూరులో వాళ్ళ చెల్లెలింటికి పోతున్నానని చెప్పి పోయింది. సాయంత్రం వచ్చి చెప్పులు విడుస్తూనే, "నేను పోయింది చెల్లెలింటికి కాదప్పా" అంది.

కంపెనీ పంపిన కాగితం తీసి నా ముందు పెట్టింది. నాకు ఒళ్ళు మండిపోయింది. ఆ కౌన్సెలింగు సంగతి నాకు తెలియక కాదు. బయటినుంచి వచ్చిన మేనేజరు ఒకాయన పెట్టించాడు. కార్మికులు దాన్ని "పిచ్చి డాక్టరు" అనేవారు. అక్కడ చెప్పిందంతా ఏదో ఒక పార్టీకి చేరుతుందని కూడా అనేవారు.

"మనింటి మాట పోయి బయట పెట్టొస్తివా?" అన్నాను.

"నాకేం తెలుసని బయట పెట్టేది? నువ్వు నాకేమన్నా చెప్పినావా? ఆ పొద్దు నుంచి నువ్వు మనిషివి కావు. నాకు తెలిసిందంతా అదే, అదే చెప్పొచ్చినా. ఆయమ్మ నిన్ను తీసుకరమ్మనలేదు. నాకు ధైర్యం జెప్పింది. నాకు శానా బాగనిపించింది. నువ్వు పోతే పో, ల్యాకుంటే ల్యా. నేను మాత్రం మల్లా పోతా."

ఇదిగో, ఇది మీకు చెప్పాలి. ఆ కార్యక్రమం ఇంట్లోవాళ్ళకు కూడా ఎందుకు పెట్టారో నాకు అప్పుడు అర్థమయింది. మనం పోము. వాళ్ళు పోతారు. వాళ్ళు పోయాక మనకు సిగ్గేసి పోతాం.

గది ఫ్యాక్టరీలో లేదు, ప్రొద్దుటూరులో ఉంది. బట్టలంగళ్ళ వీధిలో కళ్ళజోళ్ళ అంగడి పైన మేడ. బోర్డు లేదు. ఎక్కడానికి ముందు వైపు మెట్లు, దిగడానికి వెనక సందులోకి వేరే మెట్లు. ఒకరికొకరు ఎదురు పడకూడదని అట్లా చూసి మరీ తీసుకున్నారట. పేరు రాసుకోరు, చీటీ మీద నంబరు ఇస్తారు. లోపల యాభై ఏళ్ళామె ఒకరు, నూలు చీర, కళ్ళజోడు. నేను కూర్చోకుండానే అడిగాను.

"మీది ఏ ఊరు మేడం?"

"పులివెందుల."

"అయితే మీది ఏ పార్టీ?"

ఆమె నవ్వింది. "మా ఇంట్లో మా నాయనదొక పార్టీ, మా అన్నదొక పార్టీ అప్పా. అన్నం తినేప్పుడు గూడా నేను ఇద్దరి మధ్యలో కూచుంటాంటి. కూచో."

నాలుగు వారాలు నేను నడుం నొప్పి గురించే మాట్లాడాను. సీటు బాగాలేదని, స్ప్రింగులు పోయాయని. ఆమె అంతా విన్నది, ఎక్కడా నన్ను తొందర పెట్టలేదు. ఐదో వారం స్ప్రింగుల గురించి చెబుతూ చెబుతూ ఉన్నట్టుండి కల్వర్టు దగ్గరికి వచ్చేశాను. అద్దం దాకా మొత్తం చెప్పేశాను. చెప్పడం అయ్యాక చూసుకుంటే చొక్కా తడిసిపోయి ఉంది.

ఆమె నీళ్ళ గ్లాసు నా వైపు జరిపింది. తర్వాత, "ఆ మనిషి కిటికీ దగ్గర అడిగిన మాట ఇంకొక తూరి చెప్పప్పా. ఉన్నదున్నట్టు" అంది.

"ఈ పొద్దన్నా ఎక్కినాడా మామా అన్న్యాడు."

"ఆ జీపు అంతకు ముందెప్పుడన్నా చూసింటివా?"

చూశాను. అంతకు ముందు మూడు నాలుగు దినాలుగా అది ఆ కల్వర్టు పక్కనే చింతచెట్టు కింద ఆగి ఉండేది. ఎవరో రోడ్డు కాంట్రాక్టు వాళ్ళనుకున్నాను. అదే చెప్పాను. ఆమె కళ్ళజోడు తీసి కొంగుతో తుడుచుకుంది, మళ్ళీ పెట్టుకుంది, మళ్ళీ తీసింది. నా కోసం బాధ పడుతోందనుకున్నాను.

"నువ్వు చూసినావు. చూపించాలని చూడలేదు. రెండిటికీ తేడా ఉంది. కానీ నేను చెప్తే నీకది ఎక్కదు, నీకు నువ్వుగా ఒప్పుకోవాల" అంది. ఆ తర్వాత నెమ్మదిగా, "ఈ మాట ఇంకెవురికన్నా చెప్పాలని నీకెప్పుడన్నా అనిపించిందా?" అని అడిగింది.

"ఆ ఫిట్టరు పెండ్లానికి చెప్పాలనిపిస్తాది మేడం. ఆయమ్మ నా ఎనకాలే కూచుంటాది."

ఆమె ముఖంలో ఏదో కదిలింది గానీ మాట మాత్రం మామూలుగానే వచ్చింది. "ఎవురి కోసం చెప్పాలనుకుంటాండావు? నీ కోసమా, ఆయమ్మ కోసమా? రోంత ఆలోచించుకో. వచ్చే వారం మాట్లాడుకుందాం."

నేను వచ్చే వారం దాకా ఆగలేదు. అది నా తప్పే. బరువు సగం దిగిన మనిషికి మిగతా సగం కూడా వెంటనే దింపేసుకోవాలనిపిస్తుంది. అది ఎవరి నెత్తిన పడుతుందో అప్పుడు చూసుకోడు.

మూడో దినం సాయంత్రం జమ్మలమడుగులో అందరూ దిగిపోయారు. ఆమె ఎప్పుడూ చివర దిగుతుంది, వాళ్ళ వీధి బస్సు ఆగే చోటు పక్కనే. క్యారియరు తీసుకొని లేచింది.

"అమ్మా, నీతో ఒక మాట" అన్నాను.

చెప్పాను. స్టీరింగు వైపు చూస్తూనే చెప్పాను. వాడు అడిగిన మాట, నేనన్న మాట, అద్దం. ఆమె మెట్టు మీద ఒక కాలు పెట్టి నిలబడి ఉంది.

"నాలుగేండ్లు నీ ఎనకాల కూచున్న్యా" అంది. "నీకు రొట్టెలు గూడా తెచ్చిస్తి."

"అవునమ్మా."

"ఇప్పుడు నన్నేం జేయమంటావు? తిట్టమంటావా? పోనీలే అన్నా అనమంటావా? నువ్వు దించుకోనీకి నా నెత్తే దొరికిందా?"

మేడం అడిగిన ప్రశ్న ఇదేనని అప్పుడు తెలిసింది. ఆమె ఒక మెట్టు దిగింది. ఆగింది. వెనక్కి తిరిగి నా ముఖంలోకి చూసింది.

"వాడు ఏమని అడిగినాడంటివి?"

"ఈ పొద్దన్నా ఎక్కినాడా అని."

"ఈ పొద్దన్నా. ఆ మాటే అన్న్యాడా? నువ్వు కలిపి చెప్తాండావా?"

"ఆ మాటేనమ్మా. ఆ జీపు మూడు నాలుగు దినాల నుంచి ఆడనే ఉన్నింది."

ఆమె కూలబడినట్టు మెట్ల మీద కూర్చుంది. క్యారియరు చేతిలోంచి జారి కింద రోడ్డు మీద దొర్లింది.

"అంటే వాళ్ళకు తెల్దు" అంది. "ఆయప్ప ఆ పొద్దు వస్తాడని వాళ్ళకు తెల్దు. దినామూ కాసుకోనుండారు. ఎవురన్నా కబురు చెప్పింటే నిన్ను అడిగే పనేముంది?"

మిగతాది ఆమే చెప్పింది, నాకు అప్పుడే తెలిసింది. ఆ పొద్దు ఆయన డ్యూటీకి వస్తున్నట్టు తెలిసింది ఇద్దరికే: ఆమెకు, మోటారు సైకిలు మీద తెచ్చి దింపిన ఆమె తమ్ముడికి. ఆ తమ్ముడే అవతలివాళ్ళకు కబురు చేశాడని ఫిట్టరు అన్నలు తేల్చేశారు. కొట్టారు, ఊళ్ళో ఉంటే చంపుతామన్నారు. ఆమె కూడా నమ్మింది. శవం ఇంకా ఇంట్లో ఉండగానే తమ్ముడి ముఖాన ఉమ్మేసి, "నాకు తమ్ముడు ల్యాడు" అన్నదట. ఆ పిల్లవాడు పులివెందుల పోయి మోటార్లకు వైండింగు చేసే అంగడి పెట్టుకున్నాడు. నాలుగేళ్ళుగా మాటల్లేవు.

"ఆ మేడ మీదికి నేను గూడా పోతాండా" అంది, కండ్లు తుడుచుకోకుండా. "ప్రొద్దుటూరుకు. సంవత్సరం నుంచి పోతాండా. మా తమ్ముని గురించే పోతాండా."

మేడం కళ్ళజోడు ఎందుకు అన్నిసార్లు తీసి పెట్టుకుందో, ఆ మాట రెండోసారి ఎందుకు చెప్పించుకుందో అప్పుడు అర్థమయింది. ఆ గదిలోకి మేమిద్దరం చెరో సగం తీసుకుపోయాం. రెండు సగాలూ చూసింది ఆమె ఒక్కతే. కలపడానికి ఆమెకు నోరు లేదు.

"ఆదివారం పులివెందులకు పోదాం" అంది ఫిట్టరు భార్య. అడగడం కాదు, చెప్పడం. "ఈ మాట వాని ముందర నీ నోటితో చెప్పాల. ఆయప్ప అన్నలు అడిగినా చెప్పాల."

ఇంటికి పోయి నా భార్యకు నాలుగేళ్ళ సంగతీ మొదటిసారి చెప్పాను. విన్నది. "ఆ లారీలాయనకు తెలిస్తే?" అన్నాను నేనే.

"తెలుస్తాది. తెలిసినప్పుడు చూద్దాం" అంది. "నేను గూడా వస్తా."

ముద్దనూరు మీదుగా బస్సులో పోయాం. ఆడవాళ్ళిద్దరూ పక్కపక్కన కూర్చున్నారు, నేను వెనక. దావ పొడుగునా ఫిట్టరు భార్య నాతో మాట్లాడలేదు. పులివెందులలో కూరగాయల మార్కెట్టు వెనక ఉంది ఆ అంగడి. తమ్ముడు కింద కూర్చొని కాలిపోయిన మోటారులోంచి పాత రాగి తీగ ఊడదీస్తున్నాడు. ఇరవై ఐదేళ్ళు కూడా ఉండవు, వెంట్రుకలు అప్పుడే నెరిశాయి. అక్కను చూసి లేవలేదు. పారిపోవాలా వద్దా అన్నట్టు వెనక తలుపు వైపు ఒకసారి చూశాడు.

ఆమె నా వైపు చూసింది. నేను చెప్పాను. ఈసారి ఎక్కడా తల వంచుకోలేదు.

అతను తీగ లాగుతూనే ఉన్నాడు. అంతా అయ్యాక ఒక్క మాట అడిగాడు. "ఈ మాట పోలీసోళ్ళకు ఎందుకు చెప్పల్యా?"

"భయపడి."

"నేను గూడా భయపడే పారిపోయినా" అన్నాడు. "భయపడినోడు తప్పు చేసినోడే అనిరి."

అప్పుడు అక్క పోయి ఆ రాగి తీగల్లోనే అతని పక్కన కూర్చుంది. తన కొంగుతో అతని ముఖం తుడిచింది, మసి అంటుకున్నా ఆపకుండా తుడుస్తూనే ఉంది. నా భార్య నా చెయ్యి పట్టుకొని బయటికి తీసుకొచ్చింది.

ఫిట్టరు అన్నలకు ఆమే పోయి చెప్పింది. అవసరమైతే నన్ను పిలవమంది. రెండు నెలలు ప్రతి మోటారు సైకిలు చప్పుడుకూ ఉలిక్కిపడ్డాను. పిలవలేదు. రాజీ అయిపోయింది, పార్టీ ఒకటైపోయింది, పాత సంగతి తవ్వడం అక్కడ ఎవరికీ అక్కరలేదు. "వానిని ఇంక మేమేమీ అనం" అన్నాడట పెద్దన్న. అంతకంటే ఎక్కువ వాళ్ళ నోటి నుంచి రాలేదు. లారీలాయన గేటు దగ్గర పలకరించడం మానేశాడు. విన్నాడో లేదో నాకు తెలియదు.

పులివెందుల నుంచి వచ్చిన వారమే మేడం దగ్గరికి కోపంగానే పోయాను.

"మీకు రెండు పక్కలా తెలుసు గదా మేడం. ఒక్క మాట అనింటే ఆ పిల్లోడు ఆ దినమే బయటపడుతుండె."

"అనింటే నువ్వు మల్లా ఈ మెట్లు ఎక్కుతావా? ఆయమ్మ ఎక్కుతుందా? ఈ ఫ్యాక్టరీ నుంచి ఇంకెవురన్నా వస్తారా?" అంది. ఆమె గొంతు అలసిపోయి ఉంది. "ఎవురి మాట వాళ్ళదే అప్పా. నేను తీసి ఇంకొకరికి ఇచ్చేది కాదు. అడగడం ఒకటే నా చేతిలో ఉండేది, అడిగినా. సులభంగా ఉన్నిందనుకోవద్దు."

ఆ పొద్దు ఆమె నా కంటే ఎక్కువ అలసిపోయి కనపడింది. తర్వాత ఇంకో ఏడాది పోయాను. నా భార్య నాకంటే ఎక్కువ రోజులు పోయింది, ఏం మాట్లాడిందో నేను అడగలేదు.

ఫిట్టరు భార్య బస్సు మార్చుకుంది. షిఫ్టు వేరేది రాయించుకొని ఇంకో డ్రైవరు బస్సులో వచ్చేది. ఎదురుపడితే తల పక్కకు తిప్పేది కాదు, అట్లాగని పలకరించేదీ కాదు. "అన్నా" అనడం మాత్రం ఆ సాయంత్రంతో పోయింది. నేను రిటైరయిన రోజు స్టోర్సు వాళ్ళంతా దండలు తీసుకొని వచ్చారు, ఆమె రాలేదు. నేను గేటు వైపు చూడటం గమనించి, "రాదులే. రావాల్సిన పని ల్యా" అంది నా భార్య. నిజమే, లేదు.

తమ్ముడు జమ్మలమడుగుకు తిరిగి వచ్చేశాడు. బస్టాండు వెనక అంగడి పెట్టాడు. మా ఇంట్లో మోటారు కాలిపోయినప్పుడల్లా అతని దగ్గరికే మోసుకుపోతాను. అతను దాన్ని తిప్పి చూసి, పక్కన పెట్టి, "సాయంత్రం రా" అంటాడు.

సాయంత్రం పోతాను.